నబి కోసం ఏరిన రాళ్ళు

మనబి దీవి
1996 ఫిబ్రవరి 11

కామే అక్కకి,

బాగున్నావా. నువ్వు నవంబర్లో రాసిన ఉత్తరానికి ఫిబ్రవరిలో జవాబు రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. తిట్టుకో, కానీ చివరిదాకా చదివి తిట్టుకో. ఊరి కొట్టుకి ధరల చీటీలు కొట్టడానికని టైపు మిషన్ ఒకటి తెప్పించారు. నేర్చుకునేసరికి ఇంత కాలం పట్టింది. రెండు వేళ్ళతోనే కొడతాను గానీ స్పీడుంది. నోరెంతో వేళ్ళూ అంతేనంటారు మా ఆయన. నా చేతిరాత చదివే బాధ నీకు తప్పింది, సంతోషించు.

ఇక్కడ ఉత్తరపు గాలి. తొమ్మిది రోజులు పడవ రాలేదు. కొట్లో సోయా సీసాలు, అగరొత్తులు, పళ్ళ బ్రష్షులు మిగిలాయి. మన వెనకింటి ఉషి అవ్వ రోజూ వచ్చి టోఫూ అడిగేది. "పడవ రాలేదవ్వా" అంటే, "నేనడిగింది పడవని కాదే, టోఫూని" అనేది. ఎనభై ఎనిమిదేళ్ళు. పదో రోజు పడవ కనపడగానే రేవుకి పరిగెత్తి, మూడో మెట్టు మీద జారి పడింది. ఎముకలకేం కాలేదు. కానీ ఆ రోజు నుంచి మనిషి మనిషిలా లేదు. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, లోపల మాత్రం ఎవరూ లేరు. ఆమె మబుయి, ఆ లోపలి ఆత్మ, రేవులో పడిపోయిందని చూడగానే తెలిసిపోయింది.

వాళ్ళ కోడలు నగోయా నుంచి వచ్చిన పిల్ల కదా, మన పద్ధతులు తెలియవు. "ఆత్మ పడిపోవడమేంటి తొయో గారూ, తాళంచెవా" అంది. అయినా మంచిదే, ఆత్మని వెనక్కి తెచ్చే మూడు రాళ్ళు వెళ్ళి ఏరుకొచ్చింది. మెట్లు తడిగా ఉన్నాయని మన కొట్టు ముందే ఏరేసింది. అవి ఒళ్ళో పెడితే అవ్వ, "ఇది నాది కాదు, ఎవరిదో, బరువుగా ఉంది" అని పక్కన పెట్టేసింది. ఆత్మ పడిపోయినచోటే ఏరాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారు పాపం. నేనే వెళ్ళి ఆ మూడో మెట్టు దగ్గర మూడు ఏరి, పేరు పెట్టి పిలిచి, గుడ్డలో కట్టి, వెనక్కి చూడకుండా తెచ్చి అవ్వ గుండెకి ఆనించా. గంటలో లేచి టోఫూ ఏదీ అంది.

సరే, అసలు సంగతి. మన ఊరికి చరిత్ర పుస్తకం వేస్తున్నారు. రిటైరయిన మయెదొమారి మాస్టారు రాస్తున్నారు, నేను టైపు కొడుతున్నా. ఇంటికో పేజీ. జ్వరాల ఏడు గురించి పెద్ద అధ్యాయం. "1945లో, యుద్ధం మధ్య, మన సైన్యం ఆజ్ఞ మీద మనబి ఊరంతా అవతలి పెద్ద దీవి అడవికి వెళ్ళింది" అని మాస్టారు రాస్తే ఉషి అవ్వ ఒప్పుకోలేదు. "వెళ్ళడమేంట్రా, తోలారు. అక్కడ మలేరియా ఉందని మాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు" అంది. "తోలారు" అని మార్చి కొట్టా. మూడొందల పదిమందిని తోలితే ఎనభై ఆరుగురు పోయారని లెక్క తేలింది.

పోయినవాళ్ళకి ఒక పట్టిక. పేరు, వయసు, రోజు, చోటు. నాన్న తిరిగొచ్చాక ఇంట్లోనే పోయాడు కాబట్టి అది నేనే నింపా. చెల్లిది పేరు నబి, వయసు నాలుగు, అక్కడికి ఆగిపోయా. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, జ్వరంలో ఉన్నా. నెత్తిన పోసిన నీళ్ళ చల్లదనం తప్ప ఏదీ గుర్తు లేదు. ఆ రెండు గళ్ళూ నువ్వే నింపాలి. వెంటనే రాయి.

నల్లబెల్లం, సముద్రపు నాచు వేరే పంపుతున్నా. నాచు నానబెట్టేముందు దులుపు, ఇసుకుంటుంది.

నీ తొయో

* * *

ఒసాకా
1996 మార్చి 1

తొయోకి,

పార్సిల్ అందింది. నాచులో ఇసుక లేదు.

ఇక్కడ చలి తగ్గింది. మోకాలు అలాగే ఉంది. మా అమ్మాయి కజుయొ ఆదివారాలు వచ్చి ఇల్లు తుడిచి వెళుతుంది. నువ్వేం మాట్లాడవేంటమ్మా అంటుంది. మాట్లాడ్డానికి ఏముందని. వాళ్ళ నాన్న పోయినప్పుడూ ఇదే మాట అంది.

నబి పోయింది జూలై 9. చోటు తర్వాత రాస్తాను.

ఉషి అవ్వకి మొదట తెచ్చిన రాళ్ళు, కొట్టు ముందువి, వాటినేం చేశారు? ఎవరివో తెలియకుండా తెచ్చినవి ఇంట్లో ఉంచుకుంటే ఏమవుతుంది? నీకు తెలిస్తే రాయి.

కామే

* * *

మనబి దీవి
1996 మార్చి 14

అక్కకి,

బాగున్నావా. నీ ఉత్తరం, పోయినవాళ్ళకి పెట్టుకునే పదహారో రోజు పండగ మర్నాడు అందింది. వారం ఆలస్యంగా రాస్తున్నా, ఈసారి తప్పు నాది కాదు, చెరకు కోతలు. కోతల వాళ్ళందరికీ చేతి తొడుగులు కావాలి, మందు నూనె కావాలి, అన్నీ ఒకేసారి కావాలి.

ఆ రాళ్ళ గురించి ఎందుకడిగావో నాకర్థం కాలేదు. వెక్కిరిస్తున్నావా? ఒసాకా వెళ్ళాక ఇవన్నీ నీకు వింతగానే ఉంటాయిలే. కొట్టు కిటికీలో ఉన్నాయి, చీటీలు ఎగిరిపోకుండా బరువుగా పెడుతున్నా. చాలా?

పండగ బాగా జరిగింది. ఎండ కాసింది. అందరం సమాధి ముందు చాపలు పరిచి, తెచ్చినవి విప్పి, ముందు వాళ్ళకి పెట్టి తర్వాత మేం తిన్నాం. నబికి ఎప్పట్లాగే రెండు బెల్లం ముక్కలు. మాస్టారు వాళ్ళ సమాధి మన పక్కదే కదా, వచ్చి కూర్చున్నారు. నేను నీ సంగతి చెప్పా. 1952లో అమ్మ పంపితే నువ్వొక్కదానివే అవతలి దీవికి వెళ్ళి, నబిని పెట్టిన చోటు నుంచి మూడు రాళ్ళు తెచ్చావని, ఎముకల బదులు అవే లోపల పెట్టామని. ఆయన తింటున్నది పక్కన పెట్టేశారు. తర్వాత, "నా తమ్ముడు ఇంకా ఆ అడవిలోనే ఉన్నాడు తొయో. యాభై ఏళ్ళుగా వెళదామనుకుంటూనే ఉన్నా. మీ అక్క ఇరవై రెండేళ్ళ పిల్ల, వెళ్ళింది చూడు" అన్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

అందుకని పుస్తకంలో నీ మీద విడిగా ఒక పేజీ వేస్తారట. అక్టోబరులో పడవ మాట్లాడుకుని అందరూ వెళ్ళి ఎవరి రాళ్ళు వాళ్ళు తెచ్చుకుంటారట. దారి తెలిసినదానివి నువ్వే, ముందు నడవాలని మాస్టారు అడగమన్నారు. వస్తావు కదా. ఆ చోటు సంగతి రాయి, గడి ఖాళీగా ఉంది.

నీ తొయో

* * *

ఒసాకా
1996 ఏప్రిల్ 9

తొయోకి,

ఆ పేజీ వద్దని మాస్టారికి చెప్పు. నా పేరు ఎక్కడా రాకూడదు. పడవ ప్రయాణం నాకు పడదు, మోకాలు కూడా బాగాలేదు.

రాళ్ళ గురించి వెక్కిరించలేదు.

ఇక్కడ చెర్రీ పూలు అయిపోయాయి. కజుయొ చూడ్డానికి తీసుకెళ్ళింది. బాగున్నాయమ్మా కదా అంది. బాగున్నాయన్నాను.

కామే

* * *

మనబి దీవి
1996 ఏప్రిల్ 27

అక్కకి,

బాగున్నావా అని అడగాలి కాబట్టి అడుగుతున్నా.

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించా. "పెద్దావిడకి ఒంట్లో బాగాలేదేమో, వదిలెయ్" అన్నారు. వదలను. నేను చెప్పేది విను. నీకు మోకాలూ కాదు, పడవా కాదు. మనబి దానివని నలుగురికీ తెలియడం నీకు సిగ్గు. కజుయొ పెళ్ళిలో మమ్మల్ని మనబి వాళ్ళమనకుండా క్యూషూ చుట్టాలని పరిచయం చేశావు. నేను నవ్వి ఊరుకున్నా. కట్టుకెళ్ళిన మన ఊరి నేత బట్ట విప్పేసి, అద్దెకి తెచ్చిన కిమోనో కట్టుకున్నా. ఒసాకా వెళ్ళి నలభై ఏళ్ళకి దగ్గరపడుతోంది, ఒక్క పదహారో రోజుకైనా వచ్చావా? అమ్మ పోయినప్పుడు వచ్చావు, మూడు రోజులున్నావు, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఊరంతా చూసింది. రేవులో ఇప్పటికీ అంటారు.

అమ్మ మాత్రం చివరిదాకా నీ మాటే. "నా కామే తీసుకురాకపోతే నా చిన్నది ఇంకా ఆ వానలో తడుస్తూ ఉండేది" అనేది. పక్కన ఉండి పళ్ళెం అందించింది నేను, మందులు పట్టింది నేను. పేరు నీకు. సరే, నీకే రావాలి, చేసింది నువ్వే కాబట్టి. ఆ పేరు కూడా నీకు వద్దంటే ఇంక నాకేం అర్థం కాదు.

పేజీ నేను కొట్టేశా. నా రెండు వేళ్ళతో, ఒక సాయంత్రమంతా కూర్చుని. దీంతోపాటు పంపుతున్నా. వచ్చే మార్చిలో అచ్చుకి వెళుతుంది. చదివి, తప్పులుంటే చెప్పు. అంతే.

ఈసారి పార్సిల్ లేదు. పడవలో చోటు లేదు.

తొయో

* * *

ఒసాకా
1996 జూన్ 3

తొయోకి,

నువ్వు పంపిన పేజీ రెండుసార్లు చదివాను. అందులో ఒక తప్పు ఉంది. ఆ రాళ్ళు నబి దగ్గరివి కావు.

అమ్మ పంపింది నిజం. చేపల పడవ వాళ్ళు పొద్దున్నే నన్ను అవతలి దీవి రేవులో దించి, సాయంత్రం వస్తామన్నారు. మనం ఉన్న ఏటి ఒడ్డు అక్కడికి గంటన్నర నడక. నేను నడవలేదు. భయమా అంటే, భయమని కూడా చెప్పలేను. కాళ్ళు లేవలేదు. రేవు మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ చిలగడదుంపలు ఉడికించి కట్టింది. ఒకటి నబికి పెట్టమంది. అదీ నేనే తిన్నాను. సాయంత్రం పడవ కనపడ్డాక లేచి, కూర్చున్న మెట్టు పక్కనే మూడు రాళ్ళు ఏరాను. మూడూ ఒకే సైజులో ఉండాలని వెతికాను. అది బాగా గుర్తుంది.

అమ్మ మన రేవులో నిలబడి ఉంది. రాళ్ళు తీసుకుని గుండెకి ఆనించుకుని, "తేలిగ్గా ఉంది, ఇంకా చిక్కిపోయింది" అంది. ఇంటిదాకా వాటితో మాట్లాడుతూ నడిచింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు సమాధి తెరిచారు. ఆ తర్వాత చెప్పడానికి ఏ రోజూ కుదరలేదు. ముప్పై మూడో ఏడు గడిచిందని, ఇక నబి దేవతల్లో కలిసిపోయిందని, ఆఖరి పూజ చేశామని నువ్వు ఉత్తరం రాశావు. అప్పుడు కూడా చెప్పలేదు.

నబిని తీసుకెళ్ళింది నేనొక్కదాన్నే. అమ్మకీ నీకూ జ్వరం, నాన్నని సైన్యం పనికి తీసుకెళ్ళారు. ఏరు దాటి ఎడమకి వెళితే, పలకల్లా నిలబడ్డ వేళ్ళున్న పెద్ద చెట్టు ఉంటుంది. రెండు వేళ్ళ మధ్య పెట్టాను, గోడలున్నట్టు ఉంటుందని. తల దగ్గర పెద్ద ఆల్చిప్ప బోర్లించాను. గడిలో ఇది రాసుకో. ఆ పేజీ తీసేయించు.

పెళ్ళిలో క్యూషూ అన్నది కజుయొ మామగారు, నేను కాదు. నేను సరిదిద్దలేదు, అంతే. పదహారో రోజుకి రాకపోవడానికి కారణం ఇప్పుడు నీకు తెలిసింది. నువ్వు బెల్లం పెడుతుంటే చూస్తూ కూర్చోలేను.

ఇది రాశాక ఏడుస్తాననుకున్నాను. ఏమీ అనిపించలేదు. లేచి బియ్యం కడిగాను.

కామే

* * *

మనబి దీవి
1996 నవంబర్ 4

అక్కా,

బాగున్నావా. జవాబుకి ఐదు నెలలు ఆలస్యమైంది, క్షమించు. ఈసారి కారణం వెతకను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ధరల చీటీలే కొట్టేదాన్ని. సబ్బు చీటీలు వచ్చే ఏడుకి కూడా సరిపోతాయి.

జూన్‌లో నీ ఉత్తరం చదివాక నాకేమనిపించిందో చెప్పాలంటే, నాకూ ఏమీ అనిపించలేదు. ఉత్తరం మడిచి గల్లాపెట్టెలో పెట్టా. ఎవరో కిరోసిన్ అడిగితే పోశా. డబ్బా నిండి పొర్లిపోతోందని వాళ్ళు చెబితే చూశా. జూలైలో ఒక తుఫాను, ఆగస్టులో ఒకటి. కొట్టు రేకు ఎగిరి బడి పెరట్లో పడింది. అన్నీ మామూలుగానే జరిగాయి. నబికి పెట్టే బెల్లం గురించి మాత్రం ఆలోచించలేకపోయా. నలభై నాలుగేళ్ళు, ఏడాదికి రెండు ముక్కలు. ఒక్కటీ నబి తినలేదు కదా అనిపించేది.

మాస్టారికి ఆ పేజీ వద్దన్నా. ఎందుకని ఆయన అడగలేదు. కాగితం తీసి సొరుగులో పెట్టేసి, "పడవకి మాత్రం రా" అన్నారు.

అక్టోబరు 20న వెళ్ళాం. పదకొండు మంది. ఉషి అవ్వ కూడా వచ్చింది. ఏటి ఒడ్డుదాకా మాస్టారు వీపు మీద మోశారు. "ఒరేయ్, నీ వీపు కంటే గాడిద నయం, అది ఊగదు" అంది దారంతా. ఒడ్డున ఇసుకలో కూర్చోబెడితే, చుట్టూ చూడనైనా చూడకుండా చెయ్యి పక్కకి చాపి మూడు రాళ్ళు తీసుకుంది. "తాత ఇక్కడే అని ఎలా తెలుసవ్వా" అన్నా. "పెళ్ళాన్నే నేను, కూర్చోబెట్టినచోట కూర్చుంటానా, ఆయన ఉన్నచోటే కూర్చోబెట్టించుకున్నా" అంది. మాస్టారికి తమ్ముడిని పెట్టిన చోటు దొరికింది. ఆయన మాత్రం చాలాసేపు రాలేదు.

నేను ఏరు దాటి ఎడమకి వెళ్ళా. అక్కా, అక్కడ చెట్లన్నిటికీ పలకల్లాంటి వేళ్ళే. ఒకటి చూసి ఇదే అనుకుంటా, పక్కదానికీ అలాగే ఉంటాయి. ప్రతి రెండు వేళ్ళ మధ్యా చెయ్యి పెట్టి చూశా. పీతలు వచ్చాయి. ఆల్చిప్ప లేదు. నబీ అని పిలిచా. కొట్లో పార్సిల్ వచ్చిందని పిలిచినట్టే వచ్చింది గొంతు, నాకు వేరే గొంతు లేదు. రాళ్ళు ఏరలేదు. కొట్టు ముందు ఏరిన నగోయా పిల్ల కథ ఊరంతా చెప్పి నవ్వించినదాన్ని, ఎక్కడో ఒకచోట ఏరుకుని ఎలా వస్తాను. ఉత్త చేతులతో వచ్చేశా.

తిరుగు పడవ గంట ఆలస్యం. రేవు మెట్ల మీద కూర్చున్నా. పాత మెట్లే, పక్కన సిమెంటు పోశారు గానీ. నువ్వు కూర్చున్నది ఏ మెట్టో తెలియదు. పడవ వచ్చి అందరూ ఎక్కుతున్నా నాకు లేవబుద్ధి కాలేదు. ఉషి అవ్వ నా పక్కన కూలబడి, "ఏమైందే" అంది. అప్పుడు మొత్తం చెప్పేశా. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పలేదు, అవ్వకి ఒక్కదానికే. కోప్పడుతుందనుకున్నా.

అవ్వ అడిగింది. "పొద్దుట్నించి సాయంత్రం దాకా కూర్చుందా?"

"ఊఁ."

"లేవడానికి కాళ్ళు రాలేదా?"

"రాలేదంది."

"ఆ తర్వాత ఏడ్చిందా ఎప్పుడైనా? మీ అమ్మ పోయినప్పుడు నేను చూశానులే. పిలిస్తే పలికింది, పెడితే తింది."

అవ్వ నా నెత్తిన ఒకటి వేసింది. "పిచ్చిమొహమా, అక్కడ పడిపోయింది కామే మబుయే. తను కూర్చున్నచోట, తన చేత్తో ఏరింది. ఇన్నేళ్ళూ మీరు సమాధిలో పెట్టి బెల్లం పెడుతున్నది బతికున్న మనిషికి."

అక్కా, నేను చదువుకోలేదు, నాకు తోచింది చెబుతున్నా. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివా. బాగున్నాయన్నాను. మాట్లాడ్డానికి ఏముంది. బియ్యం కడిగాను. నేను వాటిని చదివి పట్నం మనిషి పొగరనుకున్నా ఇన్నాళ్ళూ. ఏప్రిల్లో రాసినవన్నీ రాశా. తిరిగి తీసుకోవడానికి లేదు, చదివేశావు.

సమాధి ఊరికే తెరవకూడదు కదా, ఎలా అన్నా అవ్వతో. "లోపల బతికున్నదాని సొత్తు పెట్టుకుని తెరవక ఏం చేస్తావ్, పదహారో రోజున నేనొచ్చి తెరిపిస్తా, ఎవడు అడ్డమొస్తాడో చూస్తా" అంది. ఆ మూడు రాళ్ళు తీసి, నీ పేరు పెట్టి పిలిచి, నీ గుండెకి ఆనించాలి. పార్సిల్లో పంపేది కాదు ఇది, మనిషి ఉండాలి. అది అయ్యాక నబి దగ్గరికి వెళదాం. ఆ చెట్టు నీ కాళ్ళకే తెలుసు. ముందు నీది నీకు వస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయంటుంది అవ్వ. మోకాలి సంగతి చెప్పా. మాస్టారి వీపు ఉందిగా అంది.

పట్టికలో రోజు జూలై 9 అని కొట్టా. చోటు దగ్గర ఖాళీ వదిలా. చెట్టని, ఆల్చిప్పని రాసి ఉండొచ్చు, నువ్వు రాసుకోమన్నావు కూడా. కానీ తెలిసినవాళ్ళు చూపించాక రాద్దామని మాస్టారితో అన్నా. మార్చిదాకా ఆగుతానన్నారు.

వచ్చే ఏడు పదహారో రోజు ఫిబ్రవరి 22, శనివారం. ఆ నెలలో గాలి ఎక్కువ, పడవ ఆగిపోతే వారాలు ఆగుతుంది, నీకు తెలుసు. అందుకని ముందే రావాలి. మంగళవారం, గురువారం, శనివారం పడవలున్నాయి. నీ కోసం పరుపు ఎండేశా. నాచు ఉంది. ఈసారి ఇసుక లేకుండా దులిపా.

ఏ పడవకి వస్తున్నావు, అక్కా? రేవు దగ్గర నిలబడి ఉంటా. ఎప్పుడొస్తావు?

నీ తొయో